తాళం వేసిన ఇంటి కరెంటు బిల్లు

ఎర్రగుంట్ల,
మట్టల ఆదివారం, మధ్యాహ్నం.

ప్రియమైన సుందరక్కకు,

నీ చెల్లెలు కరుణ వందనాలు పెట్టి రాస్తున్న సంగతులు. దేవుడు మా ముగ్గురినీ ఇక్కడ చల్లగానే చూస్తున్నాడు, ఒక్క ఎండ విషయంలో తప్ప. నువ్వు, బావ, పిల్లలు బాగున్నారని, అమ్మ మోకాళ్ల నొప్పి కొంచెమైనా తగ్గిందని అనుకుంటున్నాను. మా పాప గ్రేసు ఏడో తరగతి పరీక్షలకు చదువుతోంది. చదువుతోంది అని అదే చెబుతోంది, నేను నమ్ముతున్నాను.

నీ ఉత్తరం బుధవారం అందింది. ఇక్కడి నుంచి ఆలూరుకు సిమెంటు తోలే లారీ క్లీనరు మన వీధిలో ఏదో చెప్పాడని, "ఇంట్లో కరెంటు లేక, పగలు నిద్ర లేక దేవదానం చెయ్యి మిషన్లో పెట్టినాడంట, నిజమేనా" అని అడిగావు. అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదని కూడా రాశావు. కాబట్టి ముందు ఆ మాట తేల్చి తర్వాత మిగతాది రాస్తాను. మీ మరిదికి రెండు చేతులూ ఉన్నాయి. పది వేళ్లూ ఉన్నాయి. ఇందాకే ఆ వేళ్లతోనే సంగటి తిన్నాడు. చొక్కా చెయ్యి ఒకటి చిరిగింది, అంతే. అమ్మను అన్నం తినమని చెప్పు.

కానీ ఆ క్లీనరు చెప్పిన దాంట్లో ఒక మాట ఉంది చూడు, కరెంటు లేక అని, ఆ మాట చదివినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. దాని సంగతి చెప్పాలంటే మొదటి నుంచీ రావాలి. ఓపిగ్గా చదువు. అమ్మకు వినిపించేటప్పుడు కూడా ఓపిగ్గానే వినిపించు.

నిరుడు దసరాకు మేము ఇక్కడికి వచ్చినప్పుడు సుబ్బయ్యశెట్టి ఇళ్ల వరుసలో ఒక ఇల్లు బాడుగకు తీసుకున్నామని రాశాను కదా. బజారులో ఆయనకు పెద్ద కిరాణా అంగడి ఉంది. ముందు ఒక గది, వెనక వంటిల్లు, ఆ వెనక చుట్టూ గోడ ఉన్న చిన్న పెరడు, అంతే మా ఇల్లు. ఫ్యాక్టరీ ధూళి మాత్రం బాడుగ లేకుండా ఉంటుంది. పొద్దున తుడిచిన బండల మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు.

మీ మరిదికి ప్యాకింగ్ దగ్గర పని. లారీలన్నీ రాత్రే నిండాలి కాబట్టి ఆయనకు ఎప్పుడూ రాత్రి పనే. పొద్దున ఏడింటికి వచ్చి, రెండు ముద్దలు తిని, పడుకుంటాడు. నేను ఎనిమిదింటికి బడికి పోతాను, పిల్లలకు మధ్యాహ్న భోజనం వండడానికి. ఇక్కడే ఈ వీధి వాళ్ల అలవాటు ఒకటి చెప్పాలి. రాత్రి పనికి పోయే మగవాళ్లు పగలు పడుకుంటే ఆడవాళ్లు బయట తాళం వేసి పోతారు. లేకపోతే చీటీల వాడు తడతాడు, పాలామె తడుతుంది, చందాల వాళ్లు తడతారు, బంధువులైతే తట్టకుండానే లోపలికొస్తారు. తాళం కనబడితే ఎవరూ ఆగరు. మా వీధిలో తాళం ఉందంటే లోపల మనిషి ఉన్నాడని అర్థం. వచ్చిన వారం రోజుల్లోనే నేనూ ఒక తాళం కొన్నాను. మొగుడి నిద్రకు కాపలా పెట్టానని ఎంత మురిసిపోయానో.

ఇక బిల్లు. మొదటి నెల చీటీ చూసి శెట్టిగారి అంగడికి పరుగెత్తాను. ఇంట్లో ఉన్నవి రెండు ట్యూబులైట్లు, ఒక ఫ్యాను, నువ్విచ్చిన చిన్న టీవీ, ఒక ఇస్త్రీ పెట్టె, వంటింట్లో ఒక కాయిలు పొయ్యి, బాత్రూములో ఒక బల్బు. ఆ బిల్లు చూస్తే మేము పిండిమర నడుపుతున్నామని ఎవరైనా అనుకుంటారు. శెట్టిగారు చీటీ వైపు చూడను కూడా చూడలేదు. పప్పు తూకం వేస్తూనే, "మీటరు నాదమ్మా, కరెంటు నీది. నువ్వు కాల్చిండేదానికి నన్నడిగితే నేనేం చేసేది?" అన్నాడు.

రెండో నెల అంతే. మూడో నెల అంతే. అక్కా, నాకు పిచ్చి పట్టింది. మా ఆయన ఏడాది తిరిగేలోపు మన చేను మీది అప్పు తీరుస్తానని బావకు మాట ఇచ్చి వచ్చాడు. నేనేమో ఆయన కష్టాన్ని తీగల్లో పోసి కాలుస్తున్నాను. టీవీ మూసేసి మీద గుడ్డ కప్పాను. గ్రేసును సాయంత్రం గడప దగ్గర కూర్చోబెట్టి వెలుతురు పోయే దాకా చదివించాను. బట్టలు ఇస్త్రీ చేయడం మానేసి పరుపు కింద పెట్టాను. ఇంత చేస్తే నాలుగో నెల చీటీ కూడా అదే మాట చెప్పింది. అదే అంకె, అక్కా! నేను ఇల్లంతా చీకటి చేసినా అదే, పెళ్లిపందిరి వేసినా అదే అన్నట్టు. అప్పుడైనా నాకు అనుమానం రావాలి కదా, ఇంత మారకుండా ఎట్లా ఉంటుందని? రాలేదు. కోపం వచ్చింది. కోపం వస్తే నాకు బుర్ర పని చేయదని చిన్నప్పటి నుంచి నువ్వు అంటూనే ఉన్నావు.

శివరాత్రి కూడా రాకముందే ఇక్కడ ఎండలు ముదిరాయి. ఆయన పగలంతా ఫ్యాను వేసుకునే పడుకుంటాడు. ఇక మిగిలింది ఫ్యానే కదా, తినేది అదే అని నాకు గట్టిగా తోచింది. పగలు ఫ్యాను వద్దని చెప్పాను. సరేలే అన్నాడు. బడి నుంచి వచ్చి స్టూలు ఎక్కి ఫ్యాను మీది మూత పట్టుకుని చూస్తే వెచ్చగా ఉంది. ఒక రోజు, రెండు రోజులు చూశాను. మూడో రోజు ముందు గది స్విచ్ బోర్డు మీద తెల్లటి పింగాణీ ఫ్యూజు ఉంటుంది కదా, అది ఊడబెరికి నా టిఫిన్ సంచిలో వేసుకుని బడికి పోయాను.

ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు. రాసేశాను.

సాయంత్రం నేను ఫ్యూజు మళ్లీ పెట్టేదాన్ని, పొద్దున తీసుకుపోయేదాన్ని. "నిద్ర పడ్తాండాదా?" అని అడిగితే, "పడ్తాండాదిలే, ఈ బండలు సల్లగానే ఉండాయి" అనేవాడు. రోజూ దండెం మీద దుప్పటి తడిగా ఆరేసి ఉండేది. చెమటకు తడిసిందేమో, ఉతికాడేమో అనుకున్నాను. నీళ్లు దండగ చేస్తున్నాడని ఒకసారి అరిచాను కూడా.

ఐదో నెల చీటీ వచ్చింది. అదే అంకె.

ఇక ఎవరో మన తీగకు కొక్కెం తగిలించి కరెంటు లాగుతున్నారని తీర్మానించుకున్నాను. పక్కింటి జైనబీ అవ్వ ఉంది. అరవై దాటిన మనిషి, పొద్దస్తమానం అరుగు మీద కూర్చుని బొంతలు కుడుతుంది. వచ్చిన కొత్తలో మాకు నీళ్లు పట్టిచ్చింది, గ్రేసుకు రంజానుకు సేమ్యా పెట్టింది. మా బాత్రూము బల్బుకు పోయే తీగ వాళ్ల గోడ మీదుగా పోతుంది. ఇంకేం కావాలి నాకు? ఒక సాయంత్రం నలుగురూ కుళాయి దగ్గర ఉండగా, "కొందరి ఇండ్లల్లో బల్బులు ఎవురి దుడ్లతో వెలుగుతాండాయో దేవునికే తెలుసు" అన్నాను. అవ్వ సూది ఆపి నా మొహంలోకి చూసింది. "నన్నేనా బేటీ అనేది?" అంది. నేను కాదనలేదు. ఆ రోజు నుంచి ఆమె నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. మూడు వారాలు, అక్కా. రోజూ ఆమె ముందు నుంచే తాళం వేసి పోతాను, ఆమె ముందు నుంచే వచ్చి తీస్తాను.

తర్వాత ఆ చొక్కా చిరిగిన రోజు వచ్చింది. పొద్దున ఆరుంబావుకు, ఇంకో అరగంటలో పని అయిపోతుందనగా, సిమెంటు పోసే గొట్టం మూతికి బస్తా పెట్టబోయి నిలబడినచోటే కన్ను మూతపడిందట. చెయ్యి బెల్టు కింద రోలరు వైపు పోయింది. పక్కనున్న మనిషి చొక్కా పట్టి వెనక్కి లాగాడు. గుడ్డ పోయింది, చెయ్యి మిగిలింది. సూపర్‌వైజరు పిలిచి, "ఇంగోసారి ఇట్లయితే గేటు బయట్నే నీ పని" అన్నాడు. కాంట్రాక్టు మనిషికి ఆ మాట ఒక్కసారే చెబుతారు. ఇంటికొచ్చి ఈ ముక్కలన్నీ మామూలుగా చెప్పి, చెయ్యి కడుక్కుని తినడానికి కూర్చున్నాడు.

నేనేం చేశాను? దిష్టి తగిలిందన్నాను. పాస్టరయ్యను పిలిచి ప్రార్థన చేయించాను. నిద్ర పడుతోందని ఆయనే అంటున్నాడు కదా, నమ్మాను. మరునాడు పొద్దున ఫ్యూజు మళ్లీ సంచిలోకే పోయింది. అంత మూర్ఖురాలిని.

కానీ దొంగను పట్టాలన్న పట్టుదల మాత్రం పెరిగింది. ఇంట్లో అన్నీ ఆపేసినప్పుడు మీటరులో చక్రం తిరిగితే ఎవరో లాగుతున్నట్టే అని బడిలో పంతులమ్మ చెప్పింది. ఆ చక్రం మీద ఎర్ర గుర్తు ఉంటుంది, అది చూస్తే తెలుస్తుందంది. పగలంతా ఇంట్లో ఉంటే కదా చూసేది? ఒక రోజు వంటకు తోటి ఆమెను పొమ్మన్నాను. మా ఆయనకు చెప్పలేదు, చెబితే నవ్వుతాడు. ఎప్పటిలాగే ఫ్యూజు తీసి, చెప్పులు టకటకలాడించి, వంటింటి తలుపు వెనక దాక్కున్నాను. గ్రేసు ఒంటిపూట బడికి పోతూ బయట తాళం వేసుకుని, తాళంచెవి మెడలో వేసుకుని పోయింది. మా మీటరు ముందు గదిలో వాకిలి పైన ఉంటుంది. తలుపు సందులోంచి నాకు మీటరూ కనబడుతుంది, ఆయనా కనబడతాడు.

చక్రం కదల్లేదు. అరగంట చూశాను, గంట చూశాను. ఎర్ర గుర్తు ఉన్నచోటే ఉంది. దొంగ లేడు.

కానీ ఆయన్ను చూశాను, అక్కా. పెళ్లై పద్నాలుగేళ్లయింది, రాత్రి పనికి చేరి ఆరు నెలలైంది, ఆయన పగలు ఎట్లా గడుస్తుందో నేను చూసింది ఆ రోజే. కాసేపు పడుకున్నాడు. లేచాడు. గది మూలనున్న బిందెలోంచి చెంబుతో నీళ్లు తీసి బండల మీద చల్లి, చొక్కా విప్పి ఆ తడిలో పడుకున్నాడు. అది ఆరిపోయింది. మళ్లీ లేచి దుప్పటి నీళ్లలో ముంచి పిండి, కప్పుకున్నాడు. క్యాలెండరు అట్ట తీసుకుని విసురుకున్నాడు. ఇటు దొర్లాడు, అటు దొర్లాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. పైన ఆగిపోయి ఉన్న ఫ్యాను రెక్కల వైపే చూస్తున్నాడు. స్విచ్ బోర్డు మీద ఫ్యూజు ఉండాల్సిన చోట ఖాళీ ఉంది, ఆ ఖాళీ వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఫ్యూజు నా ఒళ్లో సంచిలో ఉంది.

లేచి ఆయన దగ్గరికి పోదామని అనుకుంటుండగానే వాకిలి బయట సైకిలు స్టాండు వేసిన చప్పుడైంది. తాళం పట్టి ఒకసారి ఆడించారు. "ఈ ఇల్లు ఎప్పుడు జూసినా తాళమే" అని ఒక గొంతు. కీచుకీచుమని మిషన్లోంచి కాగితం వచ్చిన చప్పుడు. తర్వాత తలుపు కింది నుంచి ఒక చీటీ జారి లోపలికొచ్చింది. మా కరెంటు బిల్లు. ఆరోది. మీటరు నా ఎదురుగా ఉంది, ఆ మనిషి అటువైపు ఉన్నాడు, మధ్యలో నేను కొన్న తాళం ఉంది. మీటరు చూడకుండానే అంకె వేశాడు!

ఇంక నిద్ర లేదు, గిద్ర లేదు. కిటికీ దగ్గరికి పరుగెత్తి, "ఓ యప్పా! నిలబడు! ఈడుండాం మేము!" అని అరిచాను. మా ఆయన దిగ్గున లేచి కూర్చున్నాడు, నన్ను చూసి దయ్యాన్ని చూసినట్టు అయిపోయాడు. మీటరు మనిషి వెనక్కి వచ్చి కిటికీ చువ్వల్లోంచి మమ్మల్ని చూశాడు.

"ఏమ్మా, లోపలుండి బయట తాళం ఏసుకున్యారా?"

"లోపలికొచ్చి మీటరు చూడప్పా."

"తాళం తీస్తే చూస్తా."

"తాళంచెవి పాప దగ్గరుండాది. బడికి పోయిండాది."

"అట్లయితే నేనేం చేసేదమ్మా? తాళముంటే పాత సగటు ఏయమని రూలుండాది. నాకింగా ఎనభై ఇండ్లుండాయి." పోయాడు. పోనే పోయాడు, అక్కా. నా ఇంట్లో నేను ఖైదీలాగా చువ్వలు పట్టుకుని నిలబడ్డాను.

అప్పుడు అరుగు మీంచి జైనబీ అవ్వ, కుట్టు మీంచి తల ఎత్తకుండానే అంది. "నెల నెలా వస్తాండాడు బేటీ. తాళం జూస్తాడు, చీటీ తోస్తాడు, పోతాడు. నేను జూస్తానే ఉండా."

"చెప్పొచ్చు కదవ్వా!"

"నువ్వు నాతో మాట్లాడ్తే కదా చెప్పేది."

కిటికీలోంచే రెండు చేతులూ జోడించాను. ఆమె దారం తెంపి, "ముందు నీ మొగునికి ఆ ఫ్యాను ఎయ్యి తల్లీ. దినామూ అట్టతో ఇసురుకునే సప్పుడు ఈడికి ఇనిపిస్తాది" అంది. వీధికంతా వినబడుతున్నది నాకొక్కదానికే వినబడలేదు.

సంచిలోంచి ఫ్యూజు తీసి బోర్డులో పెట్టాను. ఫ్యాను తిరిగింది. గ్రేసు వచ్చే దాకా ఎట్లాగూ బయటికి పోలేము, సరే, ఇద్దరం స్టూలు వేసుకుని మీటరు కింద నిలబడ్డాం. ఫ్యానుకు ఎర్ర గుర్తు మెల్లగా, సోమరిగా పోతోంది. ఆయన పోయి వంటింట్లో కాయిలు పొయ్యి వేశాడు. అక్కా, చక్రం గిరగిరా తిరిగింది, ఎర్ర గుర్తు ఎక్కడుందో కంటికి ఆనలేదు! తెల్లారి లేచి టీ కాచుకునేది, స్నానానికి నీళ్లు పెట్టేది దాని మీదే. చిన్న పొయ్యే కదా, ఏం తింటుందిలే అనుకున్నాను. తినేదాన్ని వంటింట్లో పెట్టుకుని, పాపం ఆ ఫ్యానును పస్తు పెట్టాను. ఆయన నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది.

మరునాడు చీటీలన్నీ పట్టుకుని కరెంటు ఆఫీసుకు పోయాను. అక్కడి గుమాస్తా చీటీ తిప్పి చూపించాడు. నేను ఎప్పుడూ కింది మొత్తమే చూసేదాన్ని. పైన పాత రీడింగు, కొత్త రీడింగు అని రెండు గళ్లు ఉన్నాయి. ఆరు చీటీల్లోనూ ఆ రెండూ ఒకటే అంకె. అంటే మేము వచ్చినప్పటి నుంచి ఎవరూ మీటరు చూడనే లేదు. మాకు ముందు ఆ ఇంట్లో ఉన్నవాళ్లు దోసెపిండి రుబ్బి అమ్మేవాళ్లట, పగలంతా రుబ్బే మిషను తిరిగేది. వాళ్ల సగటే మా నెత్తిన వేశారు. పక్కిళ్ల వాళ్లకూ తాళాలే, కానీ వాళ్ల సగటు వాళ్లదే కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు. పైగా యూనిట్లన్నిటికీ ఒకటే ధర కాదట. మొదటి మెట్టు చవక, దాటిన వాటికి ఎక్కువ, ఇంకో మెట్టు దాటితే ఇంకా ఎక్కువ. మేము ఉండాల్సింది కింది మెట్టు మీద, కట్టింది పై మెట్టు ధర. నువ్వు కూడా నీ చీటీ తీసి ఆ రెండు గళ్లు చూడు, అక్కా. మీటరు దగ్గరికి పోయి అంకె కూడా సరిచూడు. బావను చూడమంటే రేపంటాడు, నువ్వే చూడు.

"మరి ఆర్నెల్లు తాళముంటే మీరు అడగొద్దా సార్?" అన్నాను.

"రెండు నోటీసులు పంపించినామమ్మా. మీటరు ఎవురి పేరు మీద ఉండాదో వాళ్లకి."

నేరుగా శెట్టిగారి అంగడికి పోయాను. ఆయన వెనక గోడకు కాగితాలు గుచ్చే ఇనుప చువ్వ ఒకటి వేలాడుతోంది. "నోటీసులా?" అని కాసేపు గడ్డం గోక్కుని, "వచ్చినట్టే ఉండాదమ్మా" అని చువ్వ దింపాడు. పప్పు చీటీల మధ్యలోంచి రెండూ వచ్చాయి, నూనె మరకలతో. అర్జీ మీద ఆయన సంతకం కావాలంటే మూడు రోజులు తిప్పుకున్నాడు. మొదటి రోజు బేరం ఉంది, రెండో రోజు కళ్లద్దాలు లేవు, మూడో రోజు మంచిది కాదు. నాలుగో రోజు అంగడి ముందు బండ మీద కూర్చున్నాను, వచ్చినవాళ్లందరికీ ఈ కథ మొదటి నుంచీ చెప్పాను. రెండో మనిషికి చెబుతుండగానే సంతకం పెట్టాడు.

ఆ తర్వాత మీటరు చూసి పోయారు. చీటీల ప్రకారం మేము కాల్చామన్న దాంట్లో మూడో వంతు కూడా నిజంగా తిరగలేదట. ఎక్కువ కట్టింది వచ్చే నెలల్లో తగ్గిస్తామన్నారు. తగ్గిస్తే తగ్గించినట్టు, చీటీ చేతికి వస్తే నమ్ముతాను. ఇప్పుడు మా వరుసలో ఆరు ఇళ్ల తాళంచెవులు జైనబీ అవ్వ మొల్లో గుత్తిగా ఉన్నాయి. మీటరు మనిషి వస్తే ఆమె చప్పుడు కాకుండా తీస్తుంది, నోటి మీద వేలు పెట్టి లోపలికి పంపుతుంది, మళ్లీ వేస్తుంది. ఎవరూ నిద్ర లేవరు. కాయిలు పొయ్యి అటక ఎక్కింది, నీళ్లు ఎండకు పెడుతున్నాను, అవే కాగుతున్నాయి.

ఇంతవరకూ బాగానే ఉంది. ఈ సంగతంతా సంతోషంగా రాద్దామనే అనుకుంటున్నాను. ఇంతలో నీ ఉత్తరం వచ్చింది, కరెంటు లేక అని. మా వీధిలో పగలు కరెంటు పోయేది గంటో, రెండు గంటలో. అది అందరికీ పోతుంది. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందా అని ఉత్తరం ఆయనకు చూపించాను. చదివి, మడిచి, నా చేతిలో పెట్టాడు.

"సూపర్‌వైజరు అడిగినాడు, పగలు యాల నిద్రపోలేదని. కరెంటు పోతాండాది సార్ అన్న్యా. లారీల వాళ్లు యిన్యారు."

"అట్ల యాల చెప్పినావు?"

"మరి ఏం చెప్పాల? మా ఇంటిది ఫ్యూజు సంచిలో ఏసుకోని పోతాండాది అని చెప్పాల్నా?"

గేటు బయట నిలబెడతామన్న రోజు కూడా ఆయన నా పేరు ఎత్తలేదక్కా. ఆలూరు దాకా పాకిన మాటలో కూడా నా తప్పు లేదు.

అందుకే ఇంత పొడుగు ఉత్తరం. అమ్మకు వినిపించేటప్పుడు నా మీద జాలితో ఈ ముక్క దాటెయ్యకు. మన వీధిలో ఎవరైనా అడిగినా ఇదే చెప్పు. దేవదానం ఇంట్లో కరెంటు పోలేదు. నెల రోజుల పైన పొద్దున ఎనిమిదింటికి నా టిఫిన్ సంచిలో ఎక్కి నాతో పాటు బడికి వచ్చింది.

ఆయన ఇప్పుడు పడుకున్నాడు. నోరు తెరుచుకుని గురక పెడుతున్నాడు, పైన ఫ్యాను తిరుగుతోంది. ఆ గాలికి ఈ కాగితం ఎగిరిపోతుంటే మీద ఫ్యూజు పెట్టి రాస్తున్నాను. కంగారు పడకు, ఇది పాతది. బోర్డులో కొత్తది పెట్టించి, దాని మీద చెక్క మూత ఒకటి కొట్టించాను, నాకు కూడా ఊడి రాకుండా.

లారీ మళ్లీ వచ్చేటప్పుడు అన్నంలోకి గురెళ్ల పొడి, రెండు పడుల సజ్జలు పంపించు. జైనబీ అవ్వకు నచ్చుతాయి. బావకు, అమ్మకు, మన సంఘం పెద్దలకు నా వందనాలు. పిల్లలకు ముద్దులు. మీ ప్రార్థనల్లో మీ మరిది పేరు ముందు చెప్పండి, నా పేరు తర్వాత చెప్పినా చాలు.

మీ దీవెనలు కోరే
చెల్లెలు
కరుణ